ఎరుపు రాని చెయ్యి

మా కుటుంబంలో తెల్లటి మనిషి మా తోడికోడలు రత్తమ్మ ఒక్కతే. మిగిలిన అందరం నలుపు. అందులో నేను మరీ నలుపు. పెళ్ళయి వచ్చిన కొత్తలో మా మరిది, "వదినా, కరెంటు పోయినప్పుడు కాస్త నవ్వుతూ ఉండు, ఎక్కడున్నావో తెలుసుద్ది" అనేవాడు. నేనూ నవ్వేదాన్ని. ఎండలో చేపలు ఆరబెట్టి, తట్ట నెత్తిన పెట్టుకుని ఊళ్ళు తిరిగినదాన్ని. నా రంగు గురించి నాకెప్పుడూ దిగులు లేదు. ఆ రంగు మీద జబ్బు వేరేగా కనిపిస్తుందని మాత్రం నాకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన వాళ్ళకి కూడా తెలియదని తర్వాత అర్థమయింది.

ఇదంతా ఎడమచేత్తో రాస్తున్నాను. అక్షరాలు నాకు యాభై దాటాక వచ్చాయి. మా పొదుపు సంఘంలో వేలిముద్ర వేసేవాళ్ళం కొందరం మిగిలిపోతే, మా వెనక వీధిలో ట్యూషన్ చెప్పే పిల్ల పట్టుబట్టి సాయంత్రాలు కూర్చోబెట్టింది. అప్పుడు కుడిచేత్తో నేర్చుకున్నాను. మళ్ళీ ఎడమచేత్తో మొదటి నుంచీ దిద్దుకోవలసి వచ్చింది. నా వంకర రాతని గుడివాడలో ఉన్న మా అమ్మాయి ఝాన్సీ సాపు చేసి ఇస్తుంది. మాటలు మార్చొద్దని చెప్పాను.

వేట మొదలైన నెల

వేసవిలో ఆపిన వేట మళ్ళీ మొదలై, పడవలు సముద్రం మీదికి వెళ్తున్న రోజులు. మాది బందరు దగ్గర రేవును ఆనుకున్న పల్లె. పొద్దున్నే రేవులో వేలం పాడి సరుకు తీసుకుని, ఐసు వేసుకుని, నేనూ రత్తమ్మా బస్సెక్కి పామర్రు వైపు వెళ్ళి అమ్ముకుంటాం. ఆ రోజు జెల్లలు ఎక్కువ పడ్డాయి. జెల్ల చేపకి వీపు మీద ఒక ముల్లు, పక్కన రెక్కల దగ్గర రెండు ముళ్ళు ఉంటాయి. తట్టలో వేసేముందే విరిచేస్తాం. బస్సు వచ్చేస్తోందన్న కంగారులో ఒకటి మిగిలిపోయింది. ఐసు సర్దుతుంటే కుడి అరచేతి అంచున, చిటికెన వేలి మొదట్లో దిగింది.

గట్టిగా అరిచాను.

"ఏంటక్కా, పామా?" అంది రత్తమ్మ.

"జెల్ల."

"జెల్లేగా! నీ అరుపుకి బస్సు దానంతటదే ఆగింది చూడు."

ఇద్దరం నవ్వుకుంటూనే ఎక్కాం. ముల్లు గుచ్చుకోవడం మాకు పొయ్యి దగ్గర చెయ్యి చురుక్కుమనడం లాంటిది. సాయంత్రం ఇంటికి వచ్చాక రత్తమ్మ పసుపూ సున్నమూ కలిపి నూరి, వెచ్చచేసి, అరచేతి నిండా పట్టు వేసింది. పసుపుకి సున్నం తగలగానే ఎర్రగా అవుతుంది. మా పల్లెలో ప్రతి ఆడదాని చేతికీ ఏదో ఒకప్పుడు ఆ రంగు ఉంటుంది.

కిందటేడు రత్తమ్మకీ ఇలాగే గుచ్చుకుంది. మర్నాటికే ఆమె తెల్లటి చేతి మీద ఎరుపు లేచింది. తర్వాత మోచేతి వైపు పాకింది. చూసిన ప్రతివాళ్ళూ కంగారుపడి డాక్టరు దగ్గరికి పొమ్మన్నారు. సూదులు చేశారు, తగ్గిపోయింది. ఇప్పుడు ఎక్కడ గుచ్చుకుందో వెతికినా కనపడదు. అప్పటినుంచి మా ఇంట్లో అందరికీ ఒకటే గుర్తు. ముల్లు ప్రమాదమైతే ఎరుపు వస్తుంది. ఎరుపు రాకపోతే పట్టుతో పోతుంది.

మర్నాడు చెయ్యి ఉబ్బింది. చేపలు అమ్మే ఊళ్ళోనే, రత్తమ్మకి నయం చేసిన డాక్టరు దగ్గరికి వెళ్ళాం. హాలు నిండా జనం. బల్ల మీద చోటు లేక గోడకి ఆనుకుని నిలబడ్డాను. మా దగ్గర చేపల వాసన వస్తుందని ఒకావిడ కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకుంది. ఎదురుగా గోడ మీద రంగుల కాగితం ఒకటి అంటించి ఉంది. తెల్లటి చెయ్యి, దాని మీద ఎర్రటి వాపు. కింద పెద్ద అక్షరాలు. నాకప్పటికి ఒత్తులు ఇంకా సరిగ్గా పట్టుబడలేదు. కూడబలుక్కుని చదివాను. "గాయం చుట్టూ ఎర్రబడితే వెంటనే డాక్టరుకు చూపించండి."

ఎవరి సాయమూ లేకుండా నేను చదివిన మొదటి పూర్తి వాక్యం అది.

"ఏం రాశాడక్కా?" అంది రత్తమ్మ.

"ఎర్రబడితే చూపించమని."

రత్తమ్మ నా చెయ్యి తిప్పి తిప్పి చూసింది. "నీకు రాలేదుగా. హమ్మయ్య."

లోపల డాక్టరుగారు కూడా అదే మాట అన్నారు. మంచిమనిషే. గంటలకొద్దీ కూర్చుని చూస్తూ అలసిపోయి ఉన్నారు. ధనుర్వాతం సూది వేయించి, నొప్పికి మాత్రలు రాసి, "ఎర్రగా లేదమ్మా, ఫర్వాలేదు. వాపు దానంతటదే తగ్గుతుంది. ఎర్రబడి పైకి పాకితే మాత్రం వెంటనే రా" అన్నారు.

గోడ మీద అచ్చులో ఉన్న మాటా, డాక్టరు నోట వచ్చిన మాటా ఒకటే అయినప్పుడు ఇంకేం కావాలి? కొత్తగా చదువు వచ్చినదాన్ని. అచ్చులో ఉన్నదంతా నాతోనే చెబుతున్నారనుకునేదాన్ని. ఆ బొమ్మలో ఉన్న చెయ్యి నాది కాదన్న సంగతి నాకు తట్టలేదు.

ఎరుపు కోసం చూసిన రోజులు

ఆ తర్వాత రోజూ పొద్దున రత్తమ్మ మా ఇంటికొచ్చి, గోరువెచ్చటి నీళ్ళతో పట్టు కడిగి, చెయ్యి వెలుతురులో పెట్టి చూసేది. వెనకవైపు ఎరుపు లేదు. మణికట్టు మీద ఎరుపు లేదు. అరచేతిలో మాత్రం ఎర్రగా ఉండేది.

"ఇదేంటే ఇక్కడ?" అన్నాన్నేను.

"పట్టు రంగక్కా. నా గోళ్ళు చూడు, నాకూ వదల్లేదు."

నిజంగానే ఆమె వేళ్ళు కూడా ఎర్రగా ఉన్నాయి. మళ్ళీ కొత్త పట్టు వేసేది.

చెయ్యి వెనకవైపు నలుపు మీద ఇంకో నలుపు ఎక్కింది. మొదట బూడిద కలిసినట్టు, తర్వాత నేరేడుపండు రంగు. చర్మం సాగి నిగనిగలాడింది. "నూనె రాశావా అక్కా? బలే మెరుస్తుంది" అంది రత్తమ్మ ఒకరోజు. ముట్టుకుంటే పెనంలా కాలేది. ఆ వేడి పట్టుదని అనుకున్నాం. దేనికైనా ఏదో ఒక కారణం దొరికేది. ఒళ్ళు వణికితే వానలో తడిసినందుకు అనుకున్నాం. అన్నం సయించకపోతే మాత్రలు పడలేదనుకున్నాం.

మా ఆయన వేట నుంచి వచ్చి, మంచం మీద పడుకున్న నన్ను చూసి, "డాక్టరు దగ్గరికి మళ్ళీ పోదామా?" అన్నాడు.

"ఎర్రబడితేగా రమ్మంది. ఊరికే పోతే తిట్టడూ?" అన్నాన్నేనే.

బిడియం అది. మాలాంటి వాళ్ళకి ఆసుపత్రి గడప తొక్కాలంటే ఒక కారణం చేతిలో ఉండాలి. ఊరికే బాగాలేదంటే సరిపోదనుకుంటాం. నా దగ్గర ఆ కారణం ఇంకా రాలేదు. దానికోసం ఎదురుచూస్తూ పడుకున్నాను.

ఆదివారం ఝాన్సీ గుడివాడ నుంచి వచ్చింది. గుమ్మంలో అడుగుపెట్టగానే ఆగిపోయింది.

"ఏంటీ వాసన?"

"చేపల వాసనేనే, కొత్తా నీకు?" అన్నాడు మా ఆయన.

"నేను ఇక్కడే పుట్టాను నాన్నా. ఇది చేపల వాసన కాదు."

పట్టు తీసింది. చిటికెన వేలి వెనక నల్లటి నీటిబుడగ ఉంది. వేలు కదపమంది. కదిపాననే అనుకున్నాను. అది కదల్లేదు. ఝాన్సీ ముఖం చూసి అప్పుడు భయపడ్డాను. రత్తమ్మ గుమ్మం దగ్గర నిలబడి, "ఎరుపు రాలేదమ్మా, రోజూ చూశాను, నిజంగా రాలేదు" అని అదే మాట అంటూనే ఉంది.

బందరు ఆసుపత్రిలో

ఆటోలో కూర్చోబెట్టి ముగ్గురూ తీసుకెళ్ళారు. అక్కడ నన్ను చూసింది ఒక డాక్టరమ్మ. చిన్న వయసు, నాలాగే నలుపు. ఆమె ముందు చెయ్యి చూడలేదు. తన చేతి వెనకభాగాన్ని నా కుడి ముంజేతికి ఆనించింది, తర్వాత ఎడమ ముంజేతికి, మళ్ళీ కుడికి. వేలితో నొక్కింది. గట్టిగా, చెక్కలా ఉంది.

"ఇంత వేడి ఎప్పట్నుంచి?"

రత్తమ్మ, "వేడి చూడలేదండీ. ఎరుపు చూశాం" అంది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కోప్పడి ఉంటే బాగుండేదేమో. నెమ్మదిగా చెప్పింది. "మన రంగు మీద ఎరుపు ఎరుపులా కనపడదమ్మా. ఇంకా నల్లబడినట్టో, ఊదాగానో కనపడుద్ది. మెరుస్తుంది, బిగుసుకుంటుంది, కాలుతుంది. కళ్ళతో కాదు, చేత్తో చూడాలి. ఎరుపు తెలిస్తే ఎక్కడన్నా అరచేతిలోనే తెలియాలి, అక్కడ చర్మం పల్చటి రంగులో ఉంటుంది కాబట్టి."

రత్తమ్మ తన వేళ్ళ వంక చూసుకుంది. గోళ్ళ సందుల్లో పట్టు రంగు ఇంకా ఉంది. ఆ వేళ్ళని కొంగుతో గట్టిగా రుద్దుకుంది. అరచేతిలో మేము చూసిన ఎరుపులో పట్టుది ఎంతో, జబ్బుది ఎంతో ఇప్పుడు ఎవరు చెప్పగలరు?

జబ్బు ఎంతవరకు పాకిందో గుర్తుపెట్టడానికి నర్సు పెన్నుతో గీత గీయబోయింది. నీలం సిరా నా చేతి మీద కనపడలేదు. డాక్టరమ్మ తెల్ల టేపు చిన్న ముక్కలుగా కత్తిరించి, గట్టిదనం ఎక్కడ ఆగిందో తడిమి, అక్కడ వరసగా అంటించింది. సాయంత్రానికి ఆ గట్టిదనం టేపు దాటింది. కొత్త ముక్కలు అంటించారు. అదీ దాటింది. నా చేతి మీద మోచేతి వైపుగా తెల్లటి మెట్లు కట్టినట్టయింది. జబ్బు నడుస్తున్నట్టు నా కంటికి కనిపించింది అప్పుడే.

షుగరు కూడా ఉందన్నారు. ఎన్నాళ్ళనుంచో తెలియదన్నారు. మా ఆయన డాక్టరమ్మని పక్కకి పిలిచాననుకుని నా మంచం పక్కనే అడిగాడు.

"చెయ్యి ఉంటదా అండీ?"

"వేళ్ళు రెండు పోతాయి. చెయ్యి ఉంచాలనే చూస్తున్నాం. ముందు మనిషి ఉండాలి బాబాయ్."

ఆపరేషనుకి ఒప్పుకున్నట్టు సంతకం అడిగారు. సంతకం నేర్చుకున్నది ఆ కుడిచేత్తోనే. ఝాన్సీ పెన్ను ఇవ్వబోయి ఆగిపోయింది. నర్సు సిరా డబ్బా తెచ్చింది. ఎడమ బొటనవేలు ముంచి ఒత్తాను. ఇన్నాళ్ళూ పట్టుబట్టి వదిలించుకున్న వేలిముద్ర అంత తేలిగ్గా తిరిగొచ్చింది.

ఉంగరం వేలూ, చిటికెన వేలూ, అరచేతి అంచూ తీసేశారు. మొదటిసారి కట్టు విప్పినప్పుడు చూడొద్దన్నారు. చూశాను. చర్మం లేని చోట మాంసం ఎర్రగా, తడిగా ఉంది. అన్నాళ్ళు వెలుతురులో పెట్టి మేము వెతికిన ఎరుపు అక్కడుంది. పట్టుది కాదని ఖాయంగా తెలిసి నా చేతి మీద నేను చూసిన మొదటి ఎరుపు అదే.

ఆ రోజులు ఎలా గడిచాయో వరసగా చెప్పలేను. జ్వరం, సూదులు, పక్క మంచాల మూలుగులు, వరండాలో చాపలు పరుచుకున్న బంధువులు. బయట ఝాన్సీ తండ్రితో దెబ్బలాడటం వినిపించేది. "మనిషి కాలిపోతుంటే ముట్టుకుని చూడలేదా నాన్నా?" అనేది. ఆయన కట్టున్న చేతి వైపు చూసేవాడు కాదు, మంచానికి ఎడమపక్కనే కూర్చునేవాడు. రత్తమ్మని లోపలికి రావద్దని అన్నది కూడా ఆయనే. "నువ్వు చూసింది చాల్లే" అన్నాడట. ఆమె గేటు బయట చెట్టు కింద కూర్చుని, అన్నం క్యారేజీ ఝాన్సీ చేతికిచ్చి వెళ్ళిపోయేదట. నాకు తెలిసేసరికి చాలా రోజులైంది.

పక్క మంచం ఆవిడది అవనిగడ్డ. కాలికి కట్టుతో పడుకుని ఉండేది. ఒకరోజు నా జుట్టు అట్టకట్టిపోవడం చూసి, కుంటుకుంటూ వచ్చి కూర్చుని, చిక్కు తీసి జడ వేసింది. "మా వదినకి నేను వెయ్యకపోతే ఎవరేస్తారు" అంది. నేనామెకి వదిన ఎప్పుడయ్యానో తెలియదు. ఆమె వేళ్ళు తలలో ఆడుతుంటే ఏడుపొచ్చింది. ఆపరేషనప్పుడు కూడా ఏడవలేదు.

మా ఆయన అన్నం కలిపి తినిపించడం అప్పుడే నేర్చుకున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో తన కంచంలో కూడా తను వడ్డించుకోని మనిషి. ముద్దలు మరీ పెద్దవి చేసేవాడు.

"నేనేం సొరచేపనా?" అన్నాను ఒకసారి.

నవ్వబోయి, కండువా ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. "రత్తమ్మని రమ్మని చెప్పు" అన్నాను. మర్నాడు ఆయనే గేటు దాకా వెళ్ళి పిలుచుకొచ్చాడు.

కార్తీకం

తొడ మీద చర్మం తీసి చేతికి అతికించారు. ఇంటికి పంపించేసరికి కార్తీకం వచ్చింది. బతికానని అందరూ సంతోషపడ్డారు. నేనూ పడ్డాను, కానీ అది ఎక్కువ రోజులు నిలవలేదు.

మిగిలిన మూడు వేళ్ళూ బిగుసుకుపోయాయి. కత్తిపీట ముందు కూర్చుంటే చేప జారిపోతుంది. అతికించిన చర్మం చుట్టూ మచ్చ గట్టిపడి, తాడులా లేచి, దురద పెడుతుంది. ఒకచోట తెల్లగా పాలిపోయింది, ఒకచోట బొగ్గులా అయింది. తొడ మీద కూడా పెద్ద నల్లమచ్చ. డాక్టరమ్మని అడిగితే, "మన చర్మం దెబ్బని ఎక్కువకాలం గుర్తుపెట్టుకుంటుందమ్మా. నెలలు పడుద్ది, కొన్నిచోట్ల పోకపోవచ్చు" అంది. అబద్ధం చెప్పనందుకు ఆమెకి దణ్ణం పెట్టాను.

చేపల దగ్గర మళ్ళీ కూర్చున్న మొదటి రోజున, ఏళ్ళ తరబడి నా దగ్గర కొనే ఒకావిడ నా చెయ్యి చూసి వెనక్కి తగ్గింది.

"ఏంటే ఆ చెయ్యి? ఆ తెల్లమచ్చలేంటి?"

"ముల్లు గుచ్చుకుని ఆపరేషనయిందండీ."

"ముల్లుకి వేళ్ళు పోతాయంటే? ఎవరికి చెబుతున్నావు? అదేం జబ్బో ఏంటో. ఆ చేత్తో ముట్టుకోకు, రత్తమ్మని ఇవ్వమను."

రత్తమ్మ చేతిలో చేపని తట్టలో పడేసింది. "మా అక్క ముట్టని చేప మా దగ్గర లేదండీ. పక్కన కొనుక్కోండి" అంది. ఆవిడ పక్కనే కొనుక్కుంది. ఆ రోజునుంచి కుడిచెయ్యి కొంగులో పెట్టుకుని కూర్చోవడం అలవాటైంది. రత్తమ్మ కోస్తుంది, నేను బేరం చెబుతాను. మా మధ్య ఆ పట్టు మాట ఎప్పుడూ రాదు. ఆమె ఇప్పుడు ఎవరికీ పట్టు వెయ్యదు.

ఈ మధ్య

మొదట నన్ను చూసిన డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాలని చాలాసార్లు అనుకున్నాను. ఏమనాలో తెలియక ఆగాను. మొన్న సరుకు తొందరగా అమ్ముడుపోతే రత్తమ్మని బస్టాండులో కూర్చోబెట్టి వెళ్ళాను. అదే హాలు. గోడ మీద అదే కాగితం. ఇప్పుడు ఒత్తులతో సహా గబగబా చదవగలను.

లోపలికి వెళ్ళి చెయ్యి బల్ల మీద పెట్టాను. ఆయన గుర్తుపట్టలేదు. "అయ్యో, ఇంతదాకా తెచ్చుకున్నావేంటమ్మా? ముందే రావాల్సింది" అన్నారు.

"ముందే వచ్చానండీ. ఎర్రబడితే రమ్మన్నారు. ఎర్రబడలేదండీ, నల్లబడింది."

ఆయన నా చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశారు. షుగరు ఉందా అని అడిగి, ఉందంటే, "షుగరు మాత్రలు మానకు" అన్నారు. సరేనండీ అని వచ్చేశాను. హాల్లో బల్ల మీద కూర్చున్నాను.

నా తర్వాత లోపలికి వెళ్ళిన మనిషి కుంటుకుంటూ బయటికి వచ్చి నా పక్కనే కూర్చుంది. నా రంగే. రొయ్యల షెడ్డులో పనిచేస్తుందట, రొయ్య తల మీది కొమ్ము మడమ పక్కన దిగిందట.

"ఏమన్నారమ్మా?" అన్నాను.

"ఏం లేదన్నారు పిన్నీ. ఎర్రబడితే రమ్మన్నారు."

కొంగులోంచి కుడిచెయ్యి తీసి ఆమె కాలు పట్టుకోబోయాను. ఆమె ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. ఆ చేతికి ఎలాగూ వేడి తెలియదు, అతికించిన చర్మం. ఎడమచెయ్యి తిప్పి ఆనించాను. ముందు బాగున్న కాలికి, తర్వాత వాచిన కాలికి. మళ్ళీ బాగున్నదానికి.

"ఏం చూస్తున్నావు పిన్నీ?"

"అప్పుడు నా చేతికి ఎవరూ చూడనిది."

వాచిన కాలు పొయ్యి మీంచి అప్పుడే దించిన గిన్నెలా ఉంది.

"లే, మళ్ళీ లోపలికి పోదాం."

"ఇప్పుడేగా చూశారు! తిడతారు."

"తిడితే నన్ను తిడతారులే."

తర్వాతి మనిషిని ఆపి, ఆమెని పట్టుకుని లోపలికి తీసుకెళ్ళాను. డాక్టరుగారు తలెత్తి, ముందు నా ముఖమూ, తర్వాత నా కుడిచెయ్యీ చూశారు. బందరులో డాక్టరమ్మ నాకెలా చూసిందో చెప్పాను. "రెండు కాళ్ళ మీదా చెయ్యి పెట్టి చూడండి బాబూ" అన్నాను. గొంతు పెద్దదయిందేమో, హాల్లో వాళ్ళు లోపలికి తొంగి చూశారు.

ఆయన కుర్చీలోంచి లేచారు. కిందికి వంగి ఒక కాలి మీద చెయ్యి పెట్టారు, తీసి రెండో కాలి మీద పెట్టారు. ఆ చెయ్యి అక్కడే చాలాసేపు ఉండిపోయింది.